ట్రామా, తాగుడు, నాడీ వ్యవస్థ: ఒంటి నుంచి మొదలయ్యే చికిత్సపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఇవన్నీ మళ్లీ మళ్లీ వచ్చే సందేహాలే. ఏ దశలో ఉన్నవాళ్లు అక్కడి నుంచే చదువుకోవచ్చు, ఒక జవాబు అర్థం కావడానికి ఇంకొకటి చదవక్కర్లేదు. ఎక్కువమంది పొరపాటు పడే చోటు మాత్రం ముందే చెబుతాం. ఒంటితో చేసే పనులకు ఒక వరస ఉంది, ఒక మోతాదు ఉంది. విత్‌డ్రాయల్‌కు, అంటే మత్తు ఆపగానే ఒంట్లో వచ్చే వణుకు, ఫిట్స్ వంటివాటికి, డాక్టరు ముందు, ఊపిరి సాధన తర్వాత. చిన్న ఇబ్బందితో మొదలుపెట్టాలి, పెద్ద జ్ఞాపకం జోలికి చివర్లో పోవాలి.

## మొదలుపెట్టే ముందు

ట్రామా అంటే మనసుకు తగిలిన దెబ్బ కదా, ఒంటితో పనేంటి?

ప్రమాదం ఎదురైతే ముందు కదిలేది ఒళ్లే. గుండె దడదడలాడుతుంది, నోరు పిడచగట్టుకుపోతుంది, ముచ్చెమటలు పోస్తాయి, కాళ్లూ చేతులూ ఆడవు. భయానికి తెలుగులో ఉన్న మాటలు చాలావరకు ఒంటి మాటలే, గమనించండి. ప్రమాదం గడిచాక ఇదంతా సద్దుమణగాలి. కొందరిలో మణగదు. వెనక నుంచి లారీ హారన్ వినిపిస్తే చాలు, ఐదేళ్ల కిందటి యాక్సిడెంట్ ఇప్పుడే జరుగుతున్నట్టు భుజాలు బిగుసుకుంటాయి. "ఏం కాదులే" అని ఎంత చెప్పుకున్నా ఆ భుజాలు వినవు, ఎందుకంటే ఆలోచన అందుకునేలోపే నాడీ వ్యవస్థ తన పని మొదలుపెట్టేసి ఉంటుంది. అందుకే ఊపిరి, కండరాలు, చూపు, కదలికల ద్వారా దాన్ని నెమ్మదింపజేయాలని చూస్తారు.

"ట్రామా ఒంట్లో నిల్వ ఉంటుంది" అనే మాటను మాత్రం అక్షరాలా తీసుకోవద్దు. తొడ కండరంలో జ్ఞాపకం మూటగట్టుకుని కూర్చోదు. మెదడు నేర్చుకున్న స్పందన ఒంట్లో కనబడుతుంది, అంతే.

చిన్నప్పటి దెబ్బలకూ ఇప్పటి తాగుడుకూ నిజంగా సంబంధం ఉందా?

ఉంది. అమెరికాలోని శాన్ డియేగోలో ఫెలిటీ, ఆండా బృందం 9,508 మంది పెద్దవాళ్లను బాల్యం గురించి అడిగి, 1998లో ఫలితాలు ప్రచురించింది. ఇంట్లో కొట్టడం, లైంగిక వేధింపు, తాగే పెద్దలు, తల్లి దెబ్బలు తినడం చూడడం వంటి అనుభవాల్లో నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రకాలు చూసినవాళ్లలో, ఒక్కటీ లేనివాళ్లతో పోలిస్తే తాగుడు, మత్తు వాడకం, డిప్రెషన్, ఆత్మహత్యా ప్రయత్నం 4 నుంచి 12 రెట్లు ఎక్కువగా కనిపించాయి. అలాగని దెబ్బతిన్న ప్రతివాడూ తాగడు, తాగే ప్రతివాడి వెనకా ట్రామా ఉండదు. కానీ ఎప్పుడూ బిగుసుకుని ఉండే ఒంటికి మొదటి పెగ్గు ఇచ్చే సడలింపు మామూలు మనిషికి దొరికేదానికంటే చాలా పెద్దది. మద్యం మెదడులో గాబా అనే శాంతపరిచే రసాయనం పనిని పెంచుతుంది. ఆ మనిషికి అది సరదా కాదు, తనకు తానే రాసుకున్న మందుల చీటీ.

ఆ రోజు అరవలేకపోయాను, కదల్లేకపోయాను. తప్పు నాదేనా?

కాదు. పోరాడడం, పారిపోవడం రెండూ కుదరనప్పుడు ఒళ్లు కొయ్యబారిపోతుంది, గొంతు పెగలదు. ఇది సంకల్పంతో జరిగేది కాదు. స్టాక్‌హోంలో అత్యాచార బాధితుల అత్యవసర క్లినిక్‌కు వచ్చిన 298 మంది మహిళలపై 2017లో వచ్చిన అధ్యయనంలో 70 శాతం మంది ఆ సమయంలో గణనీయంగా ఇలా కొయ్యబారినట్టు తేలింది. "ఎందుకు అరవలేదు" అని అడిగే బంధువులకు, పోలీసులకు ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలా మేలు.

ఇన్ని చికిత్సల పేర్లు వింటున్నాం. దేనికి ఎంత ఆధారం ఉంది?

గట్టి ఆధారం ఉన్నవి రెండు: ట్రామా మీద దృష్టి పెట్టిన సీబీటీ (ఆలోచనలను, ప్రవర్తనను మార్చే మాటల చికిత్స), ఈఎండీఆర్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లో పీటీఎస్‌డీకి, అంటే ట్రామా తర్వాత వదలకుండా వేధించే జబ్బుకు, ఈ రెండింటినీ సూచించింది. ఈఎండీఆర్‌ను 1987లో ఫ్రాన్సిన్ షాపిరో మొదలుపెట్టారు. జ్ఞాపకాన్ని మనసులో ఉంచుకుని కళ్లను అటూ ఇటూ తిప్పడం, లేదా రెండు చేతుల మీద మార్చి మార్చి తట్టించుకోవడం అందులో భాగం.

యోగా తోడుగా బాగానే నిలుస్తుంది. ఏళ్ల తరబడి చికిత్సకు లొంగని పీటీఎస్‌డీ ఉన్న 64 మంది మహిళలతో 2014లో ప్రచురితమైన పరీక్షలో, వారానికో గంట చొప్పున 10 వారాలు ట్రామాకు అనువుగా మలచిన యోగా చేసినవాళ్లలో 31 మందికి 16 మంది చివరికి ఆ నిర్ధారణ పరిధి నుంచి బయటపడ్డారు. ఆరోగ్య పాఠాలు మాత్రమే విన్న గుంపులో 29కి 6.

ఒంట్లోని అనుభూతులను గమనిస్తూ సాగే, పీటర్ లెవీన్ రూపొందించిన సోమాటిక్ ఎక్స్‌పీరియన్సింగ్‌కు ఆధారం ఇంకా పలచనే. ఇజ్రాయెల్‌లో 63 మందితో, 15 సెషన్లతో చేసిన 2017 పరీక్ష ఆశాజనకంగా ఉంది. వణుకు తెప్పించే వ్యాయామాలకు అంతకన్నా తక్కువ. న్యూయార్క్ లింకన్ హాస్పిటల్‌లో 1970లలో మొదలైన, చెవిలో ఐదు చోట్ల సూదులు పెట్టే పద్ధతి మీద ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగవు. హాయిగా అనిపిస్తే తోడుగా చేయించుకోవచ్చు, ఆ ఒక్కదాని మీదే ఆధారపడకూడదు.

ప్రమాదంలోనూ నెమ్మదిలోనూ వేగస్ నరం ఒంటిని ఎలా మారుస్తుందో చెప్పే, అందరి నోటా వినబడే పాలీవేగల్ సిద్ధాంతాన్ని 1994లో స్టీఫెన్ పోర్జెస్ ప్రతిపాదించారు. మనిషికి తన స్థితిని అర్థం చేసుకోవడానికి మంచి పటం ఇస్తుంది, కానీ దాని జీవశాస్త్రపు పునాదుల మీద శాస్త్రజ్ఞులు గట్టిగానే అభ్యంతరాలు చెబుతున్నారు. ఎవరైనా దాన్ని నిరూపితమైన సత్యంగా చెబితే కాస్త ఆగి వినండి.

## మానేసిన మొదటి పది రోజులు

రోజూ తాగే అలవాటు. ప్రాణాయామం చేసుకుంటూ ఇంట్లోనే ఆపేయొచ్చా?

పొద్దున్నే ఒక పెగ్గు పడితేగానీ చేతులు నిలవని మనిషి ఇంట్లో ఒక్కసారిగా ఆపకూడదు. ప్రాణం పోయే ప్రమాదం ఉంది. చివరి పెగ్గు తర్వాత 6 గంటల నుంచే వణుకు, చెమట, వికారం మొదలవుతాయి. ఫిట్స్ ఎక్కువగా మొదటి 48 గంటల్లో వస్తాయి. 48 నుంచి 96 గంటల మధ్య కొందరికి మతి తప్పుతుంది: లేని మనుషులు, పురుగులు కనబడతాయి, జ్వరం, బీపీ పెరుగుతాయి. ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చినవాళ్లకు ఈసారీ వచ్చే అవకాశం ఎక్కువ.

దీనికి చికిత్స ఉంది, కష్టమైనదీ కాదు. డాక్టర్లు క్లోర్‌డయాజెపాక్సైడ్, డయాజెపామ్, లివర్ దెబ్బతిన్నవాళ్లకు లోరాజెపామ్ వంటివి మొదలుపెట్టి, కొన్ని రోజుల్లో తగ్గించుకుంటూ ఆపేస్తారు. థయమిన్, అంటే బీ1 విటమిన్, ఇంజెక్షన్‌గా ఇస్తారు. నీరసంగా ఉన్నాడని వీధి చివర క్లినిక్‌లో వట్టి గ్లూకోజు సెలైన్ ఎక్కించేస్తుంటారు. బీ1 బాగా తగ్గిపోయిన మనిషికి అలా చేస్తే మెదడు దెబ్బతినవచ్చు. "రోజూ తాగుతాడు, ముందు థయమిన్ ఇవ్వండి" అని తోడు వెళ్లినవాళ్లు నోరు తెరిచి చెప్పాలి.

మావాడు సారా ముట్టడు, కల్లే. అయినా మానితే ఫిట్స్ వచ్చాయేం?

తెలంగాణలో కల్లు కాంపౌండ్లలో అమ్మే కల్లులో చాలాచోట్ల ఆల్ప్రజోలామ్, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. తాగే మనిషికి తెలియకుండానే ఏళ్ల తరబడి నిద్రమాత్రలకు అలవాటు పడతాడు. ఒక్కసారిగా ఆగితే ఫిట్స్, పొంతన లేని మాటలు, రోజుల తరబడి నిద్రలేమి. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో కల్లు దుకాణాలు మూతపడగానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇలాంటివాళ్లు వరస కట్టారు. డాక్టరు దగ్గర "కల్లే కదా" అని తేలిగ్గా చెప్పకండి. రోజుకు ఎన్ని సీసాలు, ఎన్నేళ్లుగా, ఏ కాంపౌండ్‌లో అనేది చెబితే మోతాదు లెక్క వాళ్లకు అందుతుంది.

చేతులు వణుకుతున్నాయి. ట్రామా బయటికి పోతోందా, విత్‌డ్రాయలా?

మానిన మొదటి పది రోజుల్లో అయితే విత్‌డ్రాయల్ అనే అనుకోండి, డాక్టరుకు చూపించండి. తేడా తెలుసుకోవడానికి చేతులు ముందుకు చాపి వేళ్లు విడదీసి చూడండి. సన్నగా, ఆగకుండా వణుకుతూ, దానితో చెమటలు, వికారం, వేగంగా కొట్టుకునే నాడి ఉంటే అది విత్‌డ్రాయల్. మనసులో ఏదో కదిలినప్పుడు వచ్చే వణుకు వేరు: అలలా వస్తుంది, తొడల్లోనో దవడలోనో మొదలవుతుంది, పాదాలు నేలకు గట్టిగా అదిమి కళ్లు తెరిచి చుట్టూ చూస్తే తగ్గుతుంది, మనిషి మాట్లాడుతూనే ఉంటాడు. స్పృహ తప్పి ఒళ్లు కొట్టుకుంటే అది ఫిట్స్.

ఫిట్స్ వచ్చిన మనిషి చేతిలో తాళాలగుత్తి పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. నోట్లో చెంచా అసలు పెట్టకూడదు. తల కింద మెత్తటిది ఉంచి, పక్కకు ఒత్తిగిల్లించి, గడియారం చూడండి. ఇది మొదటిసారి అయినా, 5 నిమిషాలు దాటినా, ఒకదాని వెంట ఇంకొకటి వచ్చినా 108కి ఫోన్ చేయండి.

ఆ పది రోజుల్లో ఒంటికి మేం చేయగలిగింది ఏమీ లేదా?

ఉంది, కానీ మామూలు పనులే. రెండు మూడు గంటలకోసారి ఏదో కాస్త తినాలి: మజ్జిగన్నం, ఇడ్లీ, అరటిపండు. నీళ్లు, పలచటి మజ్జిగ. గదిలో సన్నటి దీపం. గోరువెచ్చటి నీళ్ల స్నానం, పాదాలకు దుప్పటి. పక్కన తెలిసిన గొంతు. లోతైన ధ్యానం, ఉపవాసం, "అన్నీ కక్కెయ్" అని పాత గాయాలను కెలకడం ఈ రోజుల్లో వద్దు.

## ఇంట్లో రోజూ చేసుకునేవి

ఊపిరి ఎలా తీసుకోవాలి? ఎంతసేపు?

ముందు ఒక చిన్న సంగతి చూడండి. కుడిచేతి మూడు వేళ్లు ఎడమ మణికట్టు మీద, బొటనవేలి వైపు ఆనించండి. నాడి దొరికాక నెమ్మదిగా ఊపిరి పీల్చి, ఇంకా నెమ్మదిగా వదలండి. పీల్చేటప్పుడు నాడి కాస్త దగ్గర దగ్గరగా, వదిలేటప్పుడు ఎడంగా కొడుతుంది. ఊపిరి వదిలేటప్పుడు మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ నరం గుండెకు బ్రేకు వేస్తుంది. ఆ బ్రేకు మీద మనకున్న తేలికైన పట్టు ఊపిరే.

అందుకే వదలడం పొడవుగా ఉండాలి. 4 లెక్కపెట్టేంతసేపు ముక్కుతో పీల్చడం, 6 లెక్కపెట్టేంతసేపు వదలడం. ఒక ఊపిరికి 10 సెకన్లు, నిమిషానికి 6. రోజుకు రెండుసార్లు, 5 నిమిషాల చొప్పున. ఒళ్లు బాగున్నప్పుడే అలవాటు చేసుకోవాలి. తుపాను వచ్చాక ఈత నేర్చుకుంటామంటే కుదరదు.

తప్పేది ఎక్కడంటే, "గాఢంగా" అనగానే ఛాతీ పగిలేలా లాగుతారు. రెండు నిమిషాల్లో తల తిరుగుతుంది, పెదవుల చుట్టూ, వేళ్ల చివర తిమ్మిరెక్కుతుంది. అది రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోవడం వల్ల. వేగం అలాగే ఉంచి గాలి తగ్గించండి. పక్కన కూర్చున్నవాళ్లకు మీ ఊపిరి వినబడకూడదు.

ఊపిరి మీద ధ్యాస పెడితే భయం తగ్గకపోగా ఇంకా ఎక్కువవుతోంది. నాకే ఇలా ఎందుకు?

మీ ఒక్కరికే కాదు. గొంతు నొక్కిన అనుభవం, నీళ్లలో మునిగిన అనుభవం, లైంగిక దాడి, ఆస్తమా, ప్యానిక్ ఉన్నవాళ్లలో ఛాతీ వైపు ధ్యాస మళ్లితే అదే ప్రమాద సంకేతం అవుతుంది. ఊపిరిని వదిలేసి ధ్యాసను బయటికి తెండి. మెడను నెమ్మదిగా ఒక భుజం నుంచి ఇంకో భుజం దాకా తిప్పుతూ గదిలో ఉన్నవి చూడండి: తలుపు, కిటికీ చువ్వలు, క్యాలెండర్‌లో తేదీ. తర్వాత గోడకు రెండు అరచేతులూ ఆనించి సగం బలంతో 10 సెకన్లు నెట్టి వదలండి, ఐదుసార్లు. భుజాలు, పిక్కలు పనిచేయడం తెలియాలి. చాలామందికి శ్వాస కంటే ఇదే ముందు పనిచేస్తుంది.

సాయంత్రం ఏడైతే నాలుక పీకేస్తుంది. ఆ అరగంట ఎలా గట్టెక్కాలి?

తాగాలన్న తపన ఒంట్లో పుట్టే సంగతి. మెదడులో ఇన్సులా అనే భాగం ఒంటి లోపలి కబుర్లన్నీ అందుకుంటుంది. పక్షవాతం వంటి వాటివల్ల ఆ భాగం దెబ్బతిన్న కొందరు పొగతాగేవాళ్లు తపనే లేకుండా సిగరెట్ మానేశారని 2007లో ఒక అధ్యయనం గమనించింది. కాబట్టి "తాగకూడదు, తాగకూడదు" అని మనసులో జపించడం కంటే, ఒంట్లో ఏం జరుగుతోందో చూడడం మేలు. దీన్ని అల మీద తేలడంతో పోల్చి నేర్పింది అమెరికా మనస్తత్వవేత్త అలన్ మార్లట్.

ఆఫీసు నుంచి వస్తున్నారు, వైన్స్ బోర్డు వెలిగింది. బండి ఆపేయాలనిపిస్తే వైన్స్ దాటి, టీకొట్టు దగ్గర ఆపండి. తపనకు పదికి ఎంతో ఒక అంకె ఇవ్వండి, 8 అనుకోండి. ఎక్కడుంది? నాలుక అడుగున నీళ్లూరుతున్నాయి, దవడ బిగిసింది, కుడి అరచేయి వెచ్చగా ఉంది, పొట్ట పైభాగంలో లాగుతోంది. వాటిలో ఒక్కదాన్నే పట్టుకోండి. దాని అంచులు ఎక్కడిదాకా ఉన్నాయి, వేడా చల్లనా, కదులుతోందా నిలబడి ఉందా చూడండి. మార్చాలని చూడొద్దు. 5 నిమిషాలకోసారి ఫోన్‌లో అంకె రాయండి: 8, 8, 9, 6, 4. మామూలుగా 20, 30 నిమిషాల్లో అల దిగుతుంది. పెరిగి పెరిగి ఎప్పటికీ దిగదన్న భయమే మనిషిని వెనక్కి లాక్కెళ్లేది. ఆ అంకెల వరస నాలుగుసార్లు చూశాక ఆ భయం సడలుతుంది.

ఖాళీ కడుపుతో ఇది చేయకండి. ఆరున్నరకల్లా పెరుగన్నమో రెండు చపాతీలో తిన్న మనిషికి ఏడింటి అల చిన్నదవుతుంది. డబ్బు జేబులో లేకపోవడం కూడా మంచి నాడీ చికిత్సే.

చన్నీళ్లలో ముఖం ముంచితే వెంటనే తగ్గుతుందంటారు, నిజమేనా?

నిజమే, కొద్ది నిమిషాల పాటు. బేసిన్‌లో చల్లటి నీళ్లు పోసి, ఊపిరి బిగపట్టి, కళ్లు, బుగ్గలు తడిసేలా 15 నుంచి 30 సెకన్లు ముంచితే గుండె వేగం తగ్గుతుంది. నీళ్లలో మునిగే జంతువులన్నిటిలో ఉన్న స్పందనే ఇది. గుండె జబ్బు ఉన్నవాళ్లు, నాడి ముందే నెమ్మదిగా ఉన్నవాళ్లు, తిండి బాగా తగ్గించేసుకునే జబ్బు ఉన్నవాళ్లు చేయకూడదు. చేతుల వణుక్కు ప్రొప్రానలాల్ ఇచ్చి ఉంటే అది కూడా నాడిని తగ్గించేదే, కాబట్టి డాక్టరును అడక్కుండా వద్దు.

యోగా క్లాసులో శవాసనం వేస్తే గుండె దడ, ఏడుపు. మానేయాలా?

శవాసనం మానేయండి, యోగా మానక్కర్లేదు. కళ్లు మూసుకుని, పొట్ట పైకి పెట్టి, చుట్టూ మనుషులు తిరుగుతుండగా పడుకోవడం దాడికి గురైన ఒంటికి తేలిక కాదు. గోడకు వీపు ఆనించి పక్కకు పడుకోవచ్చు, కళ్లు తెరిచి నేలమీద ఒక చోట చూడొచ్చు, కూర్చునే ఉండొచ్చు. తలుపు కనబడే చోట చాప వేసుకోండి. టీచరుకు ముందే రెండు మాటలు చెప్పండి: "నన్ను తాకి సరిచేయొద్దు, మధ్యలో బయటికి వెళ్తే కారణం అడగొద్దు." ఒప్పుకోని క్లాసు మీకు పనికిరాదు.

కపాలభాతి, భస్త్రిక, సుదర్శన క్రియ లాంటివి తాగుడు మానినవాళ్లు చేయొచ్చా?

మానిన తొలి వారంలో వేగంగా ఊపిరి తీసే పద్ధతులేవీ వద్దు. ఫిట్స్ వచ్చినవాళ్లు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు, ప్యానిక్ ఉన్నవాళ్లు తర్వాత కూడా దూరంగా ఉండడమే మంచిది. బెంగళూరు నిమ్హాన్స్‌లో 60 మంది మద్య వ్యసన రోగులతో చేసిన పరీక్షలో, రెండు వారాలు సుదర్శన క్రియ చేసినవాళ్లలో డిప్రెషన్ లక్షణాలు, ఒత్తిడి హార్మోన్ అయిన కార్టిసోల్ ఎక్కువగా తగ్గాయి. 2006లో ప్రచురితమైంది. అయితే అది వారం రోజుల విత్‌డ్రాయల్ చికిత్స ముగిశాక, ఆస్పత్రిలో, డాక్టర్ల కళ్లముందు జరిగింది. ఆ వరస మరిచిపోయి సంఖ్య మాత్రమే చెబుతుంటారు.

నాకు ఏమీ అనిపించదు. ఒళ్లంతా మొద్దుబారినట్టు ఉంటుంది.

అది కూడా నాడీ వ్యవస్థ స్పందనే. భరించలేనిది వచ్చినప్పుడు ఫ్యూజు తీసేసినట్టు. ఇలాంటివాళ్లు శాంతపరిచే సాధనలు చేస్తే ఇంకా మొద్దుబారతారు. కదలిక కావాలి: అరికాళ్లతో నేలను 20 సార్లు తొక్కడం, చేతులను భుజం నుంచి వేళ్ల దాకా రుద్దుకోవడం, పచ్చి నిమ్మకాయ కొరకడం, పాటకు తాళం వేయడం. కోలాటం తెలిసినవాళ్లు ఆడండి. ఒక్క చోట స్పర్శ తెలిసినా ఆ రోజుకు చాలు.

## థెరపిస్ట్ దగ్గర

ఆ గదిలో అసలు ఏం చేస్తారు? జరిగిందంతా చెప్పాలా?

అక్కర్లేదు. మొదటి రెండు మూడు సెషన్లు నిద్ర, తిండి, మందులు, తాగుడు, ఇంట్లో ప్రమాదం ఉందా లేదా అన్నవాటికే పోతాయి. తర్వాత ఒంట్లో కాస్త నెమ్మదిగా ఉన్న చోటు ఒకటి వెతుకుతారు. అది అరచేయి కావచ్చు, చెవి తమ్మె కావచ్చు. చిన్న ఇబ్బంది ఒకటి తలచుకోమంటారు, పదికి 3 స్థాయిది. గొంతులో బిగువు తెలిసిందా? అర నిమిషం గమనించి మళ్లీ అరచేతికి రావాలి. ఇలా ఉయ్యాలలా అటూ ఇటూ. 9 స్థాయి జ్ఞాపకంతో మొదలుపెట్టే థెరపిస్ట్ తొందరపడుతున్నాడు. చివరి పది నిమిషాలు ఒళ్లు కుదుటపడడానికే ఉంచాలి. బండి నడుపుకుంటూ ఇంటికి వెళ్లగలిగేలా మిమ్మల్ని పంపాలి.

ఎవరి దగ్గరికి వెళ్లాలి? వారాంతపు కోర్సు చేసి "ట్రామా హీలర్" అంటున్నారు.

మన దేశంలో క్లినికల్ సైకాలజిస్ట్‌కు ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉండాలి, నంబరు అడగొచ్చు. సైకియాట్రిస్ట్ ఎండీ లేదా డీపీఎం చేసిన డాక్టరు. ఒంటి పద్ధతి ఏదైనా ఈ చదువు మీద అదనంగా ఉంటే మంచిది, దాని బదులు కాదు. మూడు ప్రశ్నలు వేయండి: తాగుడు విత్‌డ్రాయల్ వస్తే ఎవరి దగ్గరికి పంపుతారు? తాకే పద్ధతి ఉంటే ముందు అడుగుతారా? నేను మధ్యలో ఆపమంటే ఆపుతారా? "మాత్రలన్నీ మానేయండి", "ఒక్క సెషన్‌లో పోగొడతా" అన్నవాళ్ల దగ్గర ఫీజు కట్టకముందే లేచి రండి.

డబ్బు ఇబ్బంది ఉంటే ఎర్రగడ్డలోనూ విశాఖలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. టెలీ మానస్ 14416 తెలుగులో, ఉచితంగా పలుకుతుంది. మత్తు మానడానికి జాతీయ హెల్ప్‌లైన్ 14446.

ముందు తాగుడు పూర్తిగా మానాకే ట్రామా సంగతి చూడాలా?

పాతరోజుల్లో అలాగే అనేవారు. "ఏడాది మానిరా, అప్పుడు చూద్దాం" అంటే చాలామంది ఆ ఏడాది దాటలేరు, ఎందుకంటే తాగించేదే ఆ ట్రామా. ఆస్ట్రేలియాలో 103 మందితో చేసి, 2012లో ప్రచురించిన పరీక్షలో రెండింటికీ కలిపి చికిత్స చేస్తే పీటీఎస్‌డీ లక్షణాలు తగ్గాయి, మత్తు వాడకం పెరగలేదు. కాబట్టి ఒంట్లో విత్‌డ్రాయల్ దాటితే చాలు, రెండూ పక్కపక్కనే మొదలుపెట్టొచ్చు. తాగి సెషన్‌కు వెళ్లడం మాత్రం దండగ. నేర్చుకున్నది నిలవదు.

ఒంటి పద్ధతి మొదలుపెట్టాక మాత్రలు ఆపేయొచ్చా?

మీ అంతట మీరు ఆపొద్దు. నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ తపన తగ్గిస్తాయి. వాటి నీడలో శ్వాస, కదలిక నేర్చుకోవడం తేలిక. రెండింటికీ పోటీ లేదు.

అమెరికాలో ఉంటున్నాం. నా బాధ ఇంగ్లిష్‌లో చెప్పలేను.

ఈఎండీఆర్‌లో కథ మొత్తం చెప్పక్కర్లేదు, అందుకే భాష అడ్డం తక్కువ. ఒంటి మాటలను తెలుగులోనే అనుకోండి: "గుండె బరువెక్కింది", "కడుపులో దేవుతోంది". ఎక్కడ, ఎంత అన్నది థెరపిస్ట్‌కు వేలుతో చూపించినా సరిపోతుంది. అక్కడ లైసెన్సు రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది, మీ రాష్ట్రంలో పనిచేసే అనుమతి ఉందో లేదో చూసుకోండి. ప్రాణం మీదికి వచ్చిన ఘడియలో అక్కడి హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయండి.

## తడబడినప్పుడు, ఇంట్లోవాళ్లకు

నలభై రోజులు మానాక నిన్న తాగేశాను. అంతా పోయినట్టేనా?

పోలేదు. ఒక రాత్రి తాగుడు కంటే "ఇక నా బతుకింతే" అన్న మర్నాటి మాట ఎక్కువ చెడగొడుతుంది, అదే రెండో సీసా తెరిపిస్తుంది. ఇవాళ చేయాల్సినవి: ఒకరికి చెప్పడం, తినడం, పడుకోవడం. తేరుకున్నాక కాగితం మీద నిన్నటి సాయంత్రాన్ని వెనక్కి రాయండి. మొదటి గుటకకు ముందు గంటలో ఒంట్లో ఏముంది? ఆకలా, కోపమా, ఒంటరితనమా, అలసటా? ఎక్కువగా ఈ నాలుగింట్లో ఒకటి దొరుకుతుంది. ఒక్క రాత్రి కాక వారం రోజులుగా తాగుతూ ఉంటే మళ్లీ ఒక్కసారిగా ఆపకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఆయనకు తెలియకుండా కూరలో మానిపించే పొడి కలిపి పెట్టొచ్చా?

వద్దు. అలా అమ్మే పొడుల్లో డైసల్ఫిరామ్ ఉండొచ్చు. అది ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండె బలహీనంగా ఉన్నవాళ్లు చనిపోవచ్చు. తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చూస్తుండగా వేసుకుంటే అదే మంచి మాత్ర. పైగా అన్నం పెట్టే చేతి మీద నమ్మకం పోతే ఆ ఇంట్లో ఒళ్లు ఎక్కడ కుదుటపడుతుంది?

సెంటర్‌వాళ్లు కట్టేసి మానిపిస్తామంటున్నారు. పంపాలా?

పంపకండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం గొలుసులతో కట్టేయడం నిషిద్ధం. పట్టుకుని, కట్టి, కొట్టి మాన్పిస్తే పాత భయానికి కొత్తది తోడవుతుంది.

ఆయన మానేసి ఏడాదైంది. అయినా రాత్రి గేటు చప్పుడు వింటే నాకు కడుపులో దేవుతుంది. నాదేం జబ్బు?

ఆ చప్పుడు తర్వాత ఏం జరిగేదో మీ ఒళ్లు ఏళ్ల తరబడి నేర్చుకుంది. గేటు గొళ్లెం, చెప్పులు విడిచే తీరు, మెట్ల మీద అడుగుల బరువు, వీటినిబట్టి ఆ రాత్రి ఎలా ఉంటుందో లెక్కకట్టేవారు. ఆ లెక్క మీకు చెప్పకుండానే ఇంకా నడుస్తోంది. ఆయన మానినందుకు మీరు కృతజ్ఞతగా ఉండి ఊరుకోవాలని ఎవరైనా అంటే పట్టించుకోకండి. చికిత్స మీకూ విడిగా కావాలి.

ఇంట్లో చేసుకోదగ్గది: ఆయన వీధి మలుపులోంచే ఒక మిస్డ్‌కాల్ ఇవ్వాలి. మీరు లేచి, వంటింటి గట్టుకు రెండు చేతులూ ఆనించి నెట్టి, తేదీ చూసి, అప్పుడు తలుపు తీయాలి. చప్పుడుకు ముందే కబురు అందితే ఒళ్లు కొత్త పాఠం నేర్చుకోవడం మొదలుపెడుతుంది.

నిద్రలో అరుస్తూ లేస్తాడు. పట్టుకుని లేపాలా?

పట్టుకోవద్దు, మీద వంగొద్దు. మంచం కాళ్ల వైపు నిలబడి, దీపం వేసి, మామూలు గొంతుతో పేరు పెట్టి పిలవండి. "మన ఇల్లే, హాలు గదిలో ఉన్నావు, నేను వదినను" అని ఎవరు, ఎక్కడ అన్నది చెప్పండి. లేచాక కల ఏమిటని అడగకండి, కాసిని నీళ్లు ఇవ్వండి.

ఎన్నాళ్లకు తేడా తెలుస్తుంది?

ఊపిరి సాధన రోజూ చేస్తే రెండు మూడు వారాల్లో నిద్రలోకి జారే తీరు మారడం కొందరికి తెలుస్తుంది. ట్రామా చికిత్సలను 8 నుంచి 15 వారాల లెక్కన పరీక్షించారు, కాబట్టి మూడు నెలలకు ముందు పనిచేయలేదని తీర్పు ఇవ్వకండి. మద్యం మానాక నిద్ర పూర్తిగా కుదురుకోవడానికి నెలలు పట్టొచ్చు. తగ్గుతోందా అని చూడడానికి "బాగున్నానా" అని అడుక్కోకండి. ఆదివారం ఆదివారం మూడు అంకెలు రాసుకోండి: వారంలో ఎన్ని రాత్రులు ఉలిక్కిపడి లేచారు, తపన ఎన్నిసార్లు 7 దాటింది, ఉలిక్కిపడ్డాక కుదుటపడడానికి ఎన్ని నిమిషాలు పట్టింది. మొదటి రెండూ అలాగే ఉన్నా మూడోది 40 నుంచి 15కి దిగితే చికిత్స పనిచేస్తున్నట్టే. మూడు నెలల్లో మూడూ కదలకపోతే ఆ కాగితం తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి, పద్ధతి మార్చమని అడగండి.